చూలై పొరుగున పద్యనాటకం

చెన్నైలోని చూలైకి దాపున, సెంట్రల్ స్టేషన్ పక్కనే విక్టోరియా పబ్లిక్ హాలు ఉంది. ఔత్సాహిక నాటకాలకు ఒకప్పుడు అది పేరున్న వేదిక. అలాంటి ఔత్సాహికుల్లో ఒకరైన బళ్లారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ స్థాపించి, ‘చిత్రనళీయం’ వంటి నాటకాల్లో మాటల నడుమ పద్యాలు, పాటలు చేర్చారు. ఆ బృందం 1891లో మద్రాసులో ప్రదర్శనలిచ్చింది. చదువుకున్నవారు వేషం కట్టడాన్ని చిన్నచూపు చూసే రోజులవి. వకీళ్లే రంగు పూసుకోవడం చూసిన పమ్మల్ సంబంధ ముదలియార్, అదే ఏడు మిత్రులతో కలిసి సుగుణ విలాస సభ ప్రారంభించారు. ఆ సభ తమిళంతోపాటు తెలుగు నాటకాలూ ఆడింది. స్త్రీ పాత్రలూ మగవారే ధరించేవారు.

ఇలా పద్యాలు పాడే పద్యనాటకంలో కథ ప్రేక్షకులకు ముందే తెలుసు. వారు వచ్చేది గాత్రం కోసం. హార్మోనియం శ్రుతి అందించగానే నటుడు పద్యం ఎత్తుకుంటాడు, చివరి పాదం దగ్గర రాగం సాగదీస్తాడు. నచ్చితే ‘వన్స్ మోర్’ కేకలు లేస్తాయి. కథ ఆగి, అదే పద్యం మళ్లీ మొదలవుతుంది.

రామకృష్ణమాచార్యులు ఆంధ్ర నాటక పితామహుడిగా, ఆయన స్ఫూర్తితో రంగస్థలం ఎక్కిన సంబంధ ముదలియార్ ఆధునిక తమిళ నాటక పితామహుడిగా పేరొందారు.