చీటీ లేని వస్తువు
(ఉపన్యాస పాఠము)



విశాఖపట్టణమునకు పోయినవారు సముద్రమును చూచి, సింహాచలమున అప్పన్నను సేవించి తిరిగి వత్తురు. బీచిరోడ్డుపై నున్న విశాఖ మ్యూజియమున అడుగిడువారు కొలదిమందియే. డచ్చి బంగళాగా పేరొందిన పాత భవనమున 1991లో అది నెలకొల్పబడినది. అందు ఆయుధములు, నాణెములు, పూర్వుల పటములు కలవు. వాని నడుమ చూపరులను నిలువబెట్టునది ప్రేలని జపాను బాంబు.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినవి. జనులు మూటాముల్లె కట్టుకొని పల్లెలకు తరలిపోయిరి. ఆ సంగతి తెలుపు చీటీ లేనిచో ఆ బాంబు తుక్కు ఇనుమే గదా!

చీటీ యైనను అంతయు చెప్పజాలదు. పరుగిడి వచ్చినవారికి ఏ యింట చోటు దొరకెనో, ఏ తల్లి అన్నము పెట్టెనో మనుష్యులే చెప్పవలెను. నాటి పసివారు నేడు ఎనుబదియేండ్లు దాటిన వృద్ధులు. వారు చెప్పగా వ్రాసికొననిచో ఆ మాట వారితోనే పోవును.

ఇరువదియైదేండ్లు గ్రంథములను కాపాడిన ఈ గ్రంథాలయము ఒక బీరువాలో ఒక అరను ఊరి చరిత్రకు విడువవలెను. అటుకలపై చెదలు తినుచున్న ఉత్తరములను, దస్తావేజులను, తాటాకు పుస్తకములను సొంతదారు పేరు వ్రాసి అందుంచవలెను. పిల్లలు పెద్దలకడ కూర్చుండి వారి మాటలను నోటుపుస్తకమున కెక్కింపవలెను. రజతోత్సవమునకు ఇంతకంటె తగిన కానుక లేదు.