మంచం పక్కన రాతబల్ల



ఈ ఉపన్యాసానికి పిలిచినప్పుడు నిర్వాహకులు "మీకు ఇష్టమైన విషయం మీద మాట్లాడండి" అన్నారు. అలా అనేవాళ్ళు మనసులో ఏదో ఒకటి పెట్టుకునే అంటారని నా అనుభవం. గట్టిగా అడిగితే బయటపెట్టారు. ఎవరి పేరిట ఈ ఉపన్యాసాల నిధి ఏర్పాటైందో ఆ టీచరుగారు ఒకపక్క బడి, ఒకపక్క పిల్లలు, ఇంకోపక్క పక్షవాతం వచ్చి మంచాన పడ్డ అత్తగారు, ఇన్నిటి మధ్య నవలలు రాశారు కదా, అన్నీ ఎలా సరితూచుకున్నారో చెప్పమన్నారు. మాటిమాటికీ పేరెత్తి పొగడటం ఆవిడకు గిట్టేది కాదని ఇంట్లోవాళ్ళే అన్నారు కాబట్టి నేను టీచరుగారు అనే అంటాను.

సరితూచుకోవడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఇంట్లో రోగి ఉన్నాక ఏదో ఒకటి ఒరగక తప్పదు. ఒరిగినప్పుడు రెండో కొస ఎవరు పట్టుకున్నారన్నదే నేను వెతికాను. ఆ వెతుకులాట నన్ను ముందు చాలా దూరం తీసుకుపోయింది. అక్కడినుంచే మొదలుపెడతాను.

1846 ఆగస్టు. ఇంగ్లండులో మాంచెస్టర్ నగరం. పాట్రిక్ బ్రాంటీ అనే 69 ఏళ్ళ చర్చి గురువు కంటి శుక్లం తీయించుకోవడానికి వచ్చి ఒక అద్దె ఇంట్లో దిగాడు. తోడు వచ్చింది కూతురు షార్లెట్. అప్పటికి మత్తుమందు లేదు. ఈథర్ ఇచ్చి బోస్టన్‌లో అందరి ముందూ ఆపరేషన్ చేసి చూపించింది ఆ ఏడాది అక్టోబర్లో. అంటే ముసలాయన కన్ను తెలివిలో ఉండగానే కోశారు. పావుగంట పట్టింది. తండ్రి కోరిక మీద షార్లెట్ ఆ గదిలోనే ఉంది. ఆ తర్వాత నాలుగు రోజులు కదలకుండా పడుకోవాలి. గది చీకటిగా ఉండాలి, కళ్ళకు కట్టు ఉండాలి, వాపు రాకుండా జలగలు పట్టించాలి, ఆయనతో ఎక్కువ మాట్లాడకూడదు.

ఆపరేషన్ జరిగిన రోజునే ఆమె తొలి నవల 'ది ప్రొఫెసర్' ప్రచురణకర్త దగ్గర్నుంచి తిరిగొచ్చిందని ఆమె జీవితచరిత్ర రాసిన ఎలిజబెత్ గాస్కెల్ చెబుతుంది. దానికితోడు షార్లెట్‌కి పంటిపోటు. ఆ అద్దె ఇంట్లోనే ఆమె 'జేన్ ఐర్' మొదలుపెట్టింది. ఆమెకు చూపు తక్కువ. చిన్న చిన్న కాగితం ముక్కల మీద, చేతిలో ఒక అట్ట పెట్టుకుని, కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని పెన్సిల్‌తో రాసేది. మొదలయ్యాక మూడు వారాలు ఆగలేదట. కథానాయిక జేన్ థార్న్‌ఫీల్డ్ అనే ఇల్లు వదిలి వెళ్ళిపోయేదాకా రాస్తూనే ఉందట.

ఈ కథ చెప్పి 'చూశారా, కష్టంలోంచే కళ పుడుతుంది' అని చప్పట్లు కొట్టించుకోవచ్చు. చాలామంది కొట్టించుకున్నారు కూడా. నాకు మాత్రం షార్లెట్ తన స్నేహితురాలు ఎలెన్ నస్సీకి ఆ రోజుల్లో రాసిన ఉత్తరం ముఖ్యమనిపించింది. అందులో సాహిత్యం ఊసు లేదు. భోజనం గురించి రాసింది. నాన్న తిండి ఏముంది, సాదాసీదాగా గడిచిపోతుంది, రేపో ఎల్లుండో నర్సు వస్తుంది, ఆవిడకి ఏం వండించి పెట్టాలో తెలియడం లేదని దిగులు పడింది.

నర్సు వచ్చింది! నాకు కావలసిన ముక్క అదే. రోగి గదిలో ఇంకో మనిషి ఉంది. పైగా జబ్బుకు గడువుంది: నెలరోజుల్లో కట్టు విప్పుతారు, ఇంటికి పోవచ్చు. తండ్రికి చూపు వచ్చింది కూడా. 'జేన్ ఐర్' 1847 అక్టోబర్లో అచ్చయింది.

ఇప్పుడు అదే మనిషి తర్వాతి నవల చూడండి. 'షర్లీ' సగం పైగా రాసి ఉండగా 1848 సెప్టెంబర్ 24న తమ్ముడు బ్రాన్‌వెల్ పోయాడు. చెల్లెలు ఎమిలీ మంచం పట్టి, చివరి రోజుదాకా డాక్టర్ని రానివ్వకుండా డిసెంబర్ 19న పోయింది. ఇంకో చెల్లెలు యాన్ కొత్త ఏడాది మే 28న స్కార్‌బరోలో పోయింది. ముగ్గురికీ తొమ్మిది నెలల్లోపే ముగిసింది. నవల మూలపడింది. యాన్‌ని అక్కడే మట్టి చేసి వచ్చాక షార్లెట్ దాన్ని మళ్ళీ ముందేసుకుంది. మళ్ళీ మొదలుపెట్టిన అధ్యాయానికి మరణఛాయల లోయ అని బైబిల్ మాటనే పేరుగా పెట్టింది. ఆ అధ్యాయంలో కారొలిన్ అనే అమ్మాయి చావు అంచుదాకా వెళ్ళి బతుకుతుంది. బయట ఎవరినీ బతికించుకోలేనిది పుస్తకంలో ఒకరిని బతికించుకుంది.

'షర్లీ' చదివితే అతుకు కనిపిస్తుంది. ముందు భాగంలో మిల్లుల గొడవ, యంత్రాలు పగలగొట్టడం, హాస్యం ఉంటాయి. వెనక భాగం వేరే మనిషి రాసినట్టు ఉంటుంది. కొందరు దీన్ని లోపమంటారు. లోపమే. అలాంటి ఏడాది తర్వాత లోపం లేకుండా వచ్చిన నవలనైతే నేను అనుమానిస్తాను.

'షర్లీ'కి కరువైంది తీరిక కాదు. ఆ ఇంట్లో ప్రార్థనలు అయిపోయాక అక్కచెల్లెళ్ళు ముగ్గురూ కుట్టుపని పక్కన పెట్టి, హాల్లో బల్ల చుట్టూ ఒకరి వెనక ఒకరు నడుస్తూ రాత్రి పదకొండు దాకా మాట్లాడుకునేవారు. 'జేన్ ఐర్' కూడా ఆ నడకలో వినిపించిందే. ఇద్దరూ పోయాక షార్లెట్ ఒక్కతే ఆ బల్ల చుట్టూ నడుస్తుంటే వినలేకపోయేదాన్నని ఇంట్లో పనిచేసే మార్తా గాస్కెల్‌కి చెప్పింది. పని పంచుకునే చేతులూ, కథ వినే చెవులూ ఒక్కసారే పోయాయి.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. మనిషి పోయాక రాయడం వేరు, జబ్బు నడుస్తుండగా రాయడం వేరు. గాస్కెల్ సంగతే తీసుకుంటే, పసి కొడుకు విల్లీ 1845లో పోయాడు. దుఃఖం నుంచి మనసు మళ్ళుతుందని భర్త రాయమన్నాడు. 'మేరీ బార్టన్' 1848లో వచ్చింది. మనలో విశ్వనాథ సత్యనారాయణ భార్య పోయిన దుఃఖాన్ని 'వరలక్ష్మీ త్రిశతి'గా పద్యంలో పెట్టారు. రావూరి భరద్వాజ 1986లో భార్య కాంతం పోయాక ఆవిడతో మాట్లాడుతున్నట్టే పుస్తకాలు రాశారు. దుఃఖానికి రాత్రంతా మనదే. జబ్బుకు అలా కాదు. రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి, లేకపోతే వీపున పుండ్లు పడతాయి. డాక్టరుగారు వచ్చేవేళకు బీపీ రాసి ఉంచాలి. వాక్యం సగంలో ఉండగా "ఏమేవ్" అని పిలుపు వస్తుంది. కథానిక అయితే ఒక రాత్రి దొంగిలించి రాయవచ్చు. నవలలో నిన్న వదిలిన పోగు ఈవేళ దొరకాలి. అది దొరక్కపోవడమే అసలు బాధ. గంటలు ఎన్ని మిగిలాయన్నది ఆ తర్వాతి లెక్క.

ఈ పోగు పట్టుకోవడంలో నాకు తెలిసినంతలో జపాన్ నవలాకారుడు కెంజాబురో ఓఎని మించినవాడు లేడు. 1963లో ఆయనకు 28 ఏళ్ళు. తొలి చూలు కొడుకు, పుర్రెలోంచి మెదడు బయటికి పొడుచుకొచ్చి పుట్టాడు. ఆపరేషన్ చేయకపోతే పోతాడు, చేస్తే ఎలా బతుకుతాడో తెలియదు. ఆ వేసవిలోనే ఓఎ హిరోషిమా వెళ్ళాడు. బాంబు దెబ్బ తిన్నవాళ్ళకు వైద్యం చేస్తున్న డాక్టర్లను చూశాడు. తిరిగొచ్చి కొడుక్కి ఆపరేషన్ చేయించాడు, హికారి అని పేరు పెట్టాడు. వెలుగు అని అర్థం. మరుసటి ఏడాదే 'ఎ పర్సనల్ మేటర్' అని ఇంగ్లీషులో పేరుపడ్డ నవల వచ్చింది. అందులో తండ్రి, పుట్టిన బిడ్డ చచ్చిపోతే బాగుండునని కోరుకుంటాడు, తాగుతాడు, ఇంకో ఆడదాని దగ్గరికి పోతాడు. చివరికి బిడ్డను ఒప్పుకుంటాడు. ఆ మంచి ముగింపు సాటి రచయిత యుకియో మిషిమాకు నచ్చలేదు. విమర్శకుడిగా మిషిమా తప్పని అనలేను. కానీ ఇంట్లో ఉయ్యాల కనబడుతుంటే ఇంకో ముగింపు రాయమని ఏ తండ్రిని అడుగుతాం?

ఆ తర్వాత ఓఎ వేరే గది కట్టుకుని తలుపు వేసుకోలేదు. హాల్లోనే, హికారి సంగీతం వింటుండగా పక్కన కూర్చుని రాసేవాడు. అర్ధరాత్రి హికారి లేచి బాత్రూముకు వెళ్ళివస్తే దుప్పటి తనంతట కప్పుకోలేడు. కప్పడం తండ్రి వంతు. అది అయ్యేదాకా ఓఎ నిద్రపోయేవాడు కాదు. చిన్నప్పుడు మాట రాని హికారికి పక్షుల కూతల రికార్డులు పెట్టేవారు. ఆరేళ్ళ వయసులో, ఒక వేసవిలో, చెట్ల మధ్య పిట్ట కూస్తే రికార్డులో అనౌన్సర్ చెప్పినట్టే దాని పేరు చెప్పాడు. తర్వాత పాశ్చాత్య సంగీతంలో స్వరకర్త అయ్యాడు, రికార్డులు అమ్ముడుపోయాయి. 1994లో నోబెల్ వచ్చినవేళ ఓఎ ఇక నవలలు రాయనన్నాడు, కొడుకు గొంతు కొడుక్కి దొరికింది కదా అని. మాట మీద నిలబడలేదనుకోండి. 1999లో ఇంకో లావుపాటి నవలతో వచ్చాడు. నవలాకారుల ఒట్లు అలాగే ఉంటాయి.

ఈ కథలో దుప్పటి కప్పే వంతు ఒకటి తండ్రిది. మిగతా వంతులు? ఆ ఇంట్లో యుకారి ఉంది. ఓఎ భార్య, సినిమా దర్శకుడు జూజో ఇతామీ చెల్లెలు. ఓఎ రాసిన కుటుంబ వ్యాసాల పుస్తకానికి బొమ్మలు వేసింది ఆవిడే. ప్రపంచమంతా ఓఎని ఇంటర్వ్యూ చేస్తుంటే పగలు హికారిని ఎవరు చూసుకున్నారని అడిగినవాళ్ళు తక్కువ. మన దగ్గరా ఇదే తంతు. 'వేయిపడగలు' 29 రోజుల్లో పూర్తయిందని గొప్పగా చెప్పుకుంటాం. విశ్వనాథ చెబుతుంటే చేయి నొప్పి పుట్టేలా రాసిన తమ్ముడు వెంకటేశ్వర్లును తలచుకునేది ఆ తర్వాత.

టీచరుగారి దగ్గరికి వస్తాను. ఇంట్లోవాళ్ళు ఒక పాత ట్రంకుపెట్టె తెరిచి చూపించారు. నవల రాతప్రతి బడిలో మిగిలిన జవాబు పత్రాల వెనకవైపు ఉంది. మార్జిన్లో పెన్సిల్‌తో రాతలు: "అత్తయ్యకి మాత్ర - 6", "జావ", "ఎడమ పక్కకి". కొన్నిచోట్ల ఆ రాత ఆవిడది కాదు. గుండ్రంగా, పిల్లచేతి రాత. పెద్దకూతురిది. అప్పటికి హైస్కూలు చదువుతోంది. అమ్మ రాసుకుంటుంటే నాయనమ్మ మంచం దగ్గర తను కూర్చునేది. మాత్ర వేసి కాగితం మీద టిక్కు పెట్టేది. ఆ అమ్మాయి లెక్కల పరీక్ష ఆ ఏడాది పోయింది. ఈ సంగతి ఆ కూతురు నవ్వుతూనే చెప్పారు, "అమ్మ నవల గట్టెక్కింది, నేను తప్పాను" అని. మగపిల్లాడు ఆ వయసులో ఏం చేస్తున్నాడని నేను అడగలేదు. ముందు వరసలో కూర్చున్నారు కాబట్టి ఇప్పుడూ అడగను.

త్యాగమూర్తి అని టీచరుగారికి దండ వేస్తే ఆ టిక్కులు పెట్టిన పిల్ల మాయమైపోతుంది. అందుకే దండ వేయను. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆవిడ నవలలో మంచాన పడ్డ ముసలావిడ ఉంది, నోరు మంచిది కాదు. అత్తగారు బతికుండగానే అది వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఊళ్ళో అందరికీ ఎవరో తెలుసు. రోగి కాదనలేని స్థితిలో ఉండగా ఆమెను కథలో పెట్టవచ్చా? ఓఎ మీదా ఈ అభియోగం ఉంది. ఆయన దాన్ని తన పుస్తకంలోకే తెచ్చుకున్నాడు. 1983 నాటి రచనలో కొడుకు తనకు తండ్రి పెట్టిన ముద్దుపేరుకు పలకడం మానేసి, అసలు పేరుతో పిలవమంటాడు. టీచరుగారి విషయంలో నా తీర్పు ఇది: పెట్టవచ్చు, ఆ ముసలావిడకు రచయిత్రి మీద గెలిచే సంభాషణలు ఇస్తే. ఇచ్చారు. నవల మొత్తంలో మంచి మాటలన్నీ అత్తగారివే.

ఇక ఒక ప్రతిపాదన చేసి ముగిస్తాను. ఈ నిధి వడ్డీతో ఏటా ఒక ఉపన్యాసం, ఒక శాలువా, ఒక జ్ఞాపిక ఇస్తున్నారు. ఉపన్యాసం ఉండనివ్వండి, నా తర్వాత వచ్చేవాళ్ళకు అన్యాయం జరగకూడదు. శాలువా, జ్ఞాపిక ఖర్చు తీసేసి, దానికి దాతలు ఇంకొంత కలిపి, ఇంట్లో మంచాన పడ్డ మనిషిని పెట్టుకుని నవల సగంలో ఆపేసినవాళ్ళకు కొన్ని నెలలు ఆయా జీతం ఇవ్వండి. పిల్లలు అమెరికాలో ఉండి డబ్బు పంపుతున్న ఇళ్ళకు అక్కర్లేదు. పంపేవాళ్ళు లేని ఇళ్ళు చూడండి. డబ్బు రచయిత చేతికి ఇవ్వొద్దు, వాళ్ళు పుస్తకాలు కొనుక్కుంటారు. నేరుగా ఆయాకే ఇవ్వండి. దరఖాస్తులో ఇప్పటిదాకా వచ్చిన అవార్డులు రాయమనకండి. రోగి ఎవరు, రాత్రిపూట లేచేది ఎవరు అని రెండు గళ్ళు పెట్టండి. రెండో గడిలో స్కూలు పిల్ల పేరు కనబడితే ఆ దరఖాస్తు పైన పెట్టండి. నవల పూర్తి కాకపోతే డబ్బు తిరిగి కట్టాలని షరతు పెడదామని కమిటీలో ఎవరో ఒకరు లేచి అంటారు. ఆయనకు నా తరఫున ఒక రాత్రి డ్యూటీ వేయండి.