మక్కకంకి వెంట మెక్సికోకు

చొప్పదండిలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఐదవ తరగతి పిల్లల యెదుట బల్లపై ఆరు వస్తువులు ఉంచినాము. ఒక మక్కకంకి, గుప్పెడు పచ్చిమిరపకాయలు, రెండు టమాటలు, ఒక జామపండు, ఒక బంతిపువ్వు, పొలము గట్టున జాగ్రత్తగా కోసి తెచ్చిన నాగజెముడు మట్ట. "ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి వీటిలో వేటిని చూచి యుండును?" అని అడిగినాము. పిల్లలు ఆలోచింపనైనా ఆలోచింపలేదు. "అన్నీ సార్!" అన్నారు. "ఒక్కటియు లేదు" అని మేము చెప్పగా తరగతి ఒక్క క్షణము నిశ్శబ్దమైనది. చివరి వరుసలో ఒక బాలిక లేచి, "మరి రాణికి కూర ఎట్ల వండిన్రు సార్, మిరపకాయ లేకుంట?" అని అడిగినది. మా చరిత్ర పాఠము ఆ ప్రశ్నతోనే ఆరంభమైనది.

రుద్రమదేవి పదమూడవ శతాబ్దిలో రాజ్యమేలినది. ఈ ఆరును అమెరికా ఖండమున పుట్టినవి. 1492లో కొలంబసు సముద్రము దాటిన తరువాతనే అవి ఓడలెక్కి లోకము చుట్టినవి. పోర్చుగీసువారు 1510లో గోవాను ఆక్రమించిరి. మిరప మన దేశమునకు వారి ఓడలలోనే చేరినది. అంతకు ముందు మన వంటలకు కారము మిరియమే. ఆ మిరియమునకు చుట్టమైన పేరునే మనవారు క్రొత్త కాయకు పెట్టుకొని, కొలది తరములలో అది పరాయిదన్న సంగతియే మరచినారు. ఇక మక్కజొన్నను సుమారు తొమ్మిదివేల యేండ్ల క్రిందట ఒక గడ్డిజాతి మొక్క నుండి ఓపికతో పంటగా మలచినవారు మెక్సికో రైతులు. "మీ చేనులో నిలిచిన మక్కకు తాతముత్తాతలు అక్కడివారు. వారెవరో చూతమా?" అన్నాము. నాలుగు వారముల పనికి అదియే పునాది.

ఆజ్టెకులని లోకము పిలుచు ఆ ప్రజలు తమను తాము మెషీకాలని చెప్పుకొనిరి. నాగజెముడుపై వ్రాలి పామును తినుచున్న గరుడపక్షి ఎక్కడ కనబడునో అక్కడ నిలువుడని దేవుడు వారికి ఆనతిచ్చెనట. టెక్స్కోకో సరస్సు నడుమ ఒక దీవిలో ఆ గురుతు కనిపించినదని, 1325లో అక్కడ టెనోచ్టిట్లాన్ నగరమును కట్టినారని వారి ఐతిహ్యము. నేటి మెక్సికో జెండాపై ఉన్న బొమ్మ అదియే. మన గట్లపై ముండ్లకంపగా పడియున్న నాగజెముడు ఒక దేశపు జెండాపై కూర్చున్నదని విన్న పిల్లలు దానిని కొంత మర్యాదతో చూడసాగినారు.

దీవిలో పొలములెక్కడివి? సరస్సు లోతు తక్కువైన చోట గుంజలు నాటి, తడికలు కట్టి, అడుగున ఉన్న ఒండ్రును తోడి పోసి, ఆ మట్టిదిబ్బలపై మక్క, చిక్కుడు, మిరప పండించినారు. వాటి పేరు చినాంపాలు. అంచులు కరగిపోకుండ నీటిచెట్లు నాటినారు. ఏటా క్రొత్త ఒండ్రు పడుటచే ఒకే మడిలో ఒక పంట వెనుక ఒక పంట తీసినారు. ఈ సంగతి మేము వివరింప బోగా పిల్లలే మాకు వివరించినారు. ఎండకాలములో చెరువుమట్టి తోలి పొలమునకు కొట్టుట వారికి తెలియనిది కాదు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన మట్టి తమ చేనుకే వచ్చినదని ఇంట విన్న పిల్లవాడు, "మనం మట్టిని చేనుకాడికి తీస్కపోతం, వాళ్లు చేనునే చెర్లకు తెచ్చిన్రు" అన్నాడు. ఇంతకంటె చక్కగా మేము చెప్పలేము. బడి ఆవరణలో తొట్టి త్రవ్వి, కందిపుల్లలు గుచ్చి, చిన్న చినాంపా కట్టినారు. మొదటిది రెండు దినములలో కరగిపోయినది. రెండవసారి అంచున గడ్డి నాటినారు. అది నిలిచినది.

లెక్కలకును ఈ చరిత్ర ఉపకరించినది. మనము పదులతో లెక్కించునట్లు వారు ఇరువదులతో లెక్కించిరి. ఒకటికి చుక్క, ఇరువదికి జెండా, నాలుగువందలకు ఈక, ఎనిమిదివేలకు సంచి. తరగతిలో 31 మంది పిల్లలు కనుక, హాజరు పలకపై ఒక జెండా, పదునొకండు చుక్కలు వేసినారు. ఎక్కములన్న మొగము దాచుకొను పిల్లలు సయితము ఈకలను జెండాలుగా విడగొట్టి లెక్క తేల్చినారు.

వారికి బొమ్మల పుస్తకములుండెడివి. చెట్టు బెరడుతో చేసిన కాగితముపై చిత్రించి, మడతలు మడతలుగా పెట్టెడివారు. మన చేర్యాల నకాషీ పటము చుట్టగా చుట్టినట్లు, వారి పుస్తకము మడతగా మడచినట్లు. స్పానిష్ పాలన వచ్చిన తరువాత సుమారు 1541లో తయారైన మెండోజా గ్రంథము నేడు ఆక్స్ ఫర్డులో ఉన్నది. అందులో పిల్లల పెంపకము బొమ్మలలో కలదు. మూడేండ్ల బిడ్డకు పూటకు సగము మక్కరొట్టె, నాలుగేండ్లకు ఒకటి, పదమూడేండ్లకు రెండు. మాట వినని పదునొకండేండ్ల పిల్లవానిని మండుచున్న మిరపకాయల పొగలో పట్టెడివారు. దిష్టి తీసి నిప్పులలో వేసిన మిరపకాయల ఘాటు ఎరిగిన మన పిల్లలు దగ్గు నటించి నవ్వినారు. సామాన్యుల బిడ్డలకును బడి ఉండెనని చెప్పగా ఆ నవ్వు ఆగి, "ఆడపిల్లలకు గూడనా?" అని ప్రశ్న వచ్చినది. వారికిని ఒక విధమైన శిక్షణ ఉండెడిదని చెప్పినాము.

బంతిపువ్వు సంగతి మరియు మధురము. నావాట్ల్ భాషలో దాని పేరునకు ఇరువది పూవులని అర్థము. మెక్సికోలో నేటికిని నవంబరు మొదటి దినములలో పోయిన పెద్దలను తలచుకొని సమాధులకు, ఇంటి వాకిళ్లకు బంతిపూవులు పరతురు. మన యింట పెత్రామాసనాడు పెద్దలకు బియ్యమిచ్చి, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మను పేర్చుదుము. తంగేడు, గునుగు నడుమ పసుపుపచ్చని వరుస బంతిదే. ఈ రెండు ఆచారములకు ఒకదానితో ఒకటి సంబంధము లేదు. కాని ఒకే పువ్వు రెండు జాతుల కన్నీటికి, పండుగకు సాక్షియైనది.

ఇంతవరకు అంతయు వేడుకయే. తరువాత కఠినమైన దినము వచ్చినది. ఆజ్టెకులు దేవాలయములపై మనుష్యులను బలి ఇచ్చిరి. ఈ సంగతి దాచిపెట్టవలెనా, చెప్పవలెనా అని మేము రెండు దినములు తర్జనభర్జన పడి, చివరకు చెప్పినాము. "వాళ్లు మంచోళ్లు కాదు" అని ఒకడు తీర్పు చెప్పినాడు. "మనం పోచమ్మకు కోడిని కోస్తలేమా?" అని మరియొకడు. "కోడి, మనిషి ఒకటేనా?" అని మూడవది. వాదము పెరిగినది. రక్తము అందనిచో సూర్యుడు నిలిచిపోవునని వారు నిజముగా భయపడిరని, భయముతో చేసినను క్రూరము క్రూరమేయని చెప్పినాము. ఆ క్రూరమును చూపియే, జయించినవారు తమ క్రూరమును కప్పిపుచ్చుకొనిరన్నదియు చెప్పినాము. ఒక జాతిని ఒక్క మాటలో కట్టివేయరాదను పాఠము ఏ పుస్తకములోను లేదు. పిల్లలు ఆ దినమున దానిని తామే వ్రాసుకొనిరి.

1519లో స్పెయిను నుండి వచ్చిన కోర్టెసు ఆ నగరములో ప్రవేశించినాడు. అది విజయనగరములో కృష్ణదేవరాయలు, గోల్కొండలో కులీ కుతుబ్ షా ఉన్న కాలము. మెషీకాలపై పగబట్టిన ఇరుగుపొరుగు జాతులు అతనితో చేరినవి. అయినను కత్తి కంటె ముందు నడచినది స్ఫోటకము. 1520లో అది నగరమును కమ్మి, అప్పుడే రాజైన క్విట్లావాక్‌ను సయితము బలిగొన్నది. 1521 ఆగస్టు 13న నగరము పడిపోయినది. పుస్తకములు చాలవరకు మంటల పాలైనవి.

స్ఫోటకమన నేమో నేటి పిల్లలకు తెలియదు. మన దేశములో చివరి కేసు 1975లో కనబడినది. 1980లో లోకమంతటి నుండి ఆ వ్యాధి తొలగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. అందుచే ఒక పిల్లవాని అవ్వను బడికి పిలిచినాము. ఆమె చెక్కిళ్లపై మచ్చలున్నవి. "నాకు ఐదేండ్లప్పుడు అమ్మ పోసింది బిడ్డా. నేను దక్కిన. నా తమ్ముడు దక్కలే" అని మాత్రము చెప్పి, మనుమని ప్రక్కన కూర్చున్నది. ఆ తరువాత టెనోచ్టిట్లాన్ పతనమును మేము వేరుగా వివరింప నక్కర లేకపోయినది.

ఈ పని నడుచుచుండగా ఊరి పెద్ద ఒకరు మమ్ము అడిగినారు: "మన చరిత్రయే తెలియని పిల్లలకు మెక్సికో చరిత్ర ఎందుకు సార్?" ఆ ప్రశ్న మమ్ము నొప్పించినది, కాని అది న్యాయమైనది. సమాధానము మాటలలో చెప్పక, పిల్లలను వెంటబెట్టుకొని పొరుగున గంగాధర మండలములోని కురిక్యాలకు నడిచినాము. అక్కడి బొమ్మలమ్మ గుట్టపై జైన తీర్థంకరుల విగ్రహములు, చక్రేశ్వరి విగ్రహము రాతిలో చెక్కియున్నవి. వాటి క్రింద కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దిలో వేయించిన శాసనము కలదు. సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును అందున్నవి. తెలుగు భాగములో మూడు కంద పద్యములు. తెలుగునకు 2008లో ప్రాచీన భాష హోదా లభించుటకు చూపిన ఆధారములలో ఈ రాయి ఒకటి. ఎంతోమంది ఈ గుట్ట క్రిందుగా ఎన్నియో మారులు పోయినవారే. మాలోను కొందరము అట్టివారమే.

పిల్లలు ఆ అక్షరములను చాలసేపు చూచినారు. ఒక బాలిక, "వాళ్ల పుస్తకాలు కాల్చిన్రు. ఇది రాయి గనుక కాలలే" అన్నది. ఇంకొకడు దూరమున తెల్లగా కోసియున్న వేరొక గుట్టను చూపి, "రాయిని గూడ కోస్తరు గదా సార్" అన్నాడు. కరీంనగరము చుట్టు గ్రానైటు కొరకు ఎన్ని గుట్టలు కరిగినవో ఈ ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కర లేదు. ఆ పిల్లవాని మాటకు మా యొద్ద సమాధానము లేదు. దూరదేశపు నగరము ఒకటి ఎట్లు పోయినదో చదివినందువలననే, తమ ముంగిట ఉన్నది కూడ పోవచ్చునని వారికి తోచినది. ఊరి పెద్దకు మేము చెప్పదగిన సమాధానము ఇదియే.

పని ముగిసిన దినమున పిల్లలు తరగతి గోడపై ఒక పటము కట్టినారు. ఒక కొసన గరుడపక్షి, నాగజెముడు. రెండవ కొసన బొమ్మలమ్మ గుట్ట. నడుమ ఒక మక్కచేను. గరుడపక్షి క్రింద మూడు ఈకలు, పదునారు జెండాలు, ఒక చుక్క. లెక్కించినచో 1521. గుట్ట క్రింద ఏమి వ్రాయవలెనని అడిగినారు. ఏమియు వ్రాయక కొంత చోటు విడిచి ఉంచుడని చెప్పినాము. దానిని నింపవలసినవారు వారే.