యంత్రము అద్దెది, పూచీ మనది

రైల్వే రిజర్వేషన్లకై ‘కన్సర్ట్’ అను కంప్యూటర్ ఏర్పాటు 1994లో మొదట సికింద్రాబాదుననే నెలకొన్నది. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు కేంద్రములును దానితో ఏకమైనవి. నాడు యంత్రములు కొని, గది చల్లబరచి, కాపాడుకొనుట కార్యాలయముల పని. నేడు రైల్వే మంత్రిత్వ శాఖ క్రింది రైల్‌టెల్ సంస్థ ఇదే నగరమందలి డేటా కేంద్రమునుండి ఇతర కార్యాలయములకు యంత్రశక్తిని అద్దెకిచ్చుచున్నది. దీనినే ‘క్లౌడ్’ అందురు. పేరు మేఘమేగాని యంత్రములు నేలమీదనే కలవు.

రద్దీనాడు ఎక్కువ శక్తి తెచ్చుకొని, పిదప విడిచిపెట్టవచ్చును. విడువ మరచినచో, వాడకున్నను అద్దె నడచుచునే ఉండును. కనుక నిర్వాహకునకు మరమ్మతుకంటె ఒడంబడిక చదువుటయే ముఖ్యమైనది. మన సమాచారము ఎచట నున్నది, ఎవరు చూడగలరు, సంస్థను మార్చదలచిననాడు ఎట్లు తిరిగివచ్చును — ఈ మూడును ముందే వ్రాయించుకొనవలెను. యంత్రము పరులదైనను, ప్రజలకు జవాబు చెప్పవలసినది మనమే.