సాఫ్ట్‌నర్ మొరాయిస్తే ముందు ఏం చూడాలి?

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సికింద్రాబాద్‌లో మనలో చాలామందికి బోరు నీళ్లే దిక్కు. గ్రానైటు రాతి పగుళ్లలో ఊరే ఈ నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు నురగ రాదు, గీజరుకు తెల్లని పెచ్చు కడుతుంది. అందుకే సాఫ్ట్‌నర్ పెట్టించుకుంటాం.

అది పెట్టాక కూడా నురగ రాకపోతే, ‘రెసిన్ పోయింది, మార్చాలి’ అన్నవారి చేతిలో వెంటనే పెన్షన్ డబ్బు పెట్టకండి. ముందు మూడు చూడండి.

ఒకటి, ఉప్పు తొట్టి. పైకి నిండుగా కనిపించినా ఉప్పు గడ్డకట్టి అడుగున ఖాళీగా ఉండవచ్చు. కర్రతో మెల్లగా పొడిచి చూడండి.

రెండు, బైపాస్ వాల్వు. అది తెరిచి ఉంటే నీరు రెసిన్‌ను తాకకుండానే ఇంట్లోకి వస్తుంది.

మూడు, రీజనరేషన్. రెసిన్ పట్టుకున్న కాల్షియాన్ని వదిలించేది ఉప్పునీరే. ఇంటికి చుట్టాలొచ్చి వాడకం పెరిగితే పాత గడువు చాలదు.

బి.పి. ఉన్నవారికి ఒక మాట. కాల్షియం పోయిన చోట సోడియం చేరుతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యం తీస్తే సుమారు 230 మిల్లీగ్రాముల సోడియం కలుస్తుంది. అది రుచికి తెలియకపోవచ్చు. అందుకే మా ఇంట్లో తాగడానికి, వంటకు మునిసిపల్ నల్లా నీళ్లే వాడతాం. సాఫ్ట్‌నర్ నీళ్లు స్నానానికి, బట్టలకు. మీరూ అలాగే చేయండి, మందుల విషయం డాక్టరుగారికి చెప్పండి.