‘అలాగేనండీ’ వెనుక ఉన్న మాట

(శ్రీరామనవమి నాడు ఆలయ సభామందిరంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొద్దున సీతారామ కల్యాణం కన్నులపండువగా జరిగింది. పానకం, వడపప్పు అందరికీ అందాయి. భోజనాలకు ముందు కార్యవర్గం తరఫున ఒక విషయం మనవి చేసుకుంటాం.

అన్నగారిని రాజ్యానికి రమ్మని అడగడానికి భరతుడు చిత్రకూటానికి వెళ్లిన ఘట్టం మనందరికీ తెలుసు. పాదుకల కథ పిల్లలకూ చెప్తాం. ఆ పాదుకల కంటే ముందు, అయోధ్యాకాండ నూరవ సర్గలో, రాముడు తమ్ముణ్ణి వరసగా ప్రశ్నలు అడుగుతాడు. వాటిలో ఒకటి: సైనికులకు భత్యం, జీతం ఆలస్యం లేకుండా ఇస్తున్నావా? నారచీర కట్టుకుని అడవిలో ఉన్న మనిషి అడిగిన ప్రశ్న అది. కింద ఉన్నవాళ్లు నోరు తెరిచి అడిగేదాకా ఆగకుండా, పైన ఉన్నవాళ్లే ముందుగా చూసుకోవాలన్నది అందులోని ధర్మం.

ఆ ధర్మంలో మేమే తప్పాం.

మన అర్చకస్వామి ఆర్-1 వీసా మీద ఈ అమెరికాకు వచ్చారు. దానికి పిటిషన్ వెయ్యాల్సింది ఆలయమే. మొదట 30 నెలల దాకా ఇస్తారు, పొడిగించినా మొత్తం 5 ఏళ్లు మించదు. ఆ పొడిగింపు కాగితాల మీద సంతకం కార్యవర్గానిది.

క్రిందటి కార్తీకమాసంలో గుళ్లో అభిషేకాలు అయ్యాక సభ్యుల ఇళ్లలో వరసగా సత్యనారాయణ వ్రతాలు. “స్వామీ, సాయంత్రం మా ఇంటికి కూడా ఒక్క గంట” అని మాలో ఎవరో ఒకరం అడుగుతూనే ఉన్నాం. ప్రతిసారీ ఆయన “అలాగేనండీ” అన్నారు. ఒక ఆదివారం నాలుగింటికి పూజ ముగించి లేస్తూ కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారు. పొద్దుటినుంచి ఏమీ తినలేదట. “ఒక్క మాట చెప్తే ఆగేవాళ్లం కదా స్వామీ” అన్నాం. “నా కాగితాలు మీ చేతిలో ఉన్నాయి కదండీ, ఎలా చెప్పను?” అన్నారు.

మేమెవరం ఆయన్ని బెదిరించలేదు. కాగితాల ఊసే ఎత్తలేదు. మేం మరిచిపోయిన సంగతి ఆయన ఒక్కపూట కూడా మరిచిపోలేకపోయారు. కాదంటే నష్టపోయే మనిషి చెప్పే ఔనును మనం ఇష్టమని లెక్కవేసుకోకూడదు.

ఇప్పుడు స్వామిగారికి మంగళవారం సెలవు. ఇళ్లలో పూజలు ఆఫీసు ద్వారానే, రోజుకు రెండే. పొడిగింపు పని గడువుకు చాలా ముందే మొదలుపెడతాం, కాగితాల నకళ్లు ఆయన దగ్గరే ఉంటాయి.

ఇది గుడితో ఆగే విషయం కాదు. మనలో చాలామంది ఆఫీసుల్లో మేనేజర్లం, కొందరం కంపెనీలు నడుపుతున్నాం. హెచ్-1బి మీద ఉన్న కుర్రవాడికి ఉద్యోగం పోతే మరో దారి చూసుకోవడానికి ఉండేది మహా అయితే 60 రోజులు. శనివారం కూడా రమ్మంటే అతనేమంటాడు? ప్రాజెక్టు లేదని జీతం ఆపడం ఈ దేశంలో చట్టవిరుద్ధం. ఆపినా చాలామంది నోరెత్తరు. రాముడి ప్రశ్న మనకీ వర్తిస్తుంది.

ఇంట్లో కూడా అంతే. 2015 నుంచి హెచ్-4 మీద ఉన్నవారిలో కొందరికి పని అనుమతి వస్తోంది, మిగతావారికి లేదు. చదువుకుని వచ్చిన ఇల్లాలు కూరగాయలకు కూడా లెక్క చెప్పాల్సివస్తే, ఆమె పాస్‌పోర్టు ఎక్కడుందో ఆమెకే తెలియకపోతే, ఆ ఇంట్లో తగవు లేదని సంతోషించాల్సిన పని లేదు. విజిటర్ వీసా మీద వచ్చి మనవల్ని చూసుకుంటున్న అమ్మానాన్నల్ని “ఇవాళ మీకు ఓపిక ఉందా?” అని అడిగి ఎన్నాళ్లయిందో మనమే ఆలోచించుకోవాలి.

ఈ వారం ప్రతి ఇంట్లో ఒక పని చేద్దాం. మన మాటకు కాదనలేని మనిషి ఎవరో గుర్తు తెచ్చుకుందాం. “మీకు వద్దనిపిస్తే వద్దనండి, ఏమీ అనుకోం” అని ముందుగా చెప్పి, తర్వాతే అడుగుదాం. వద్దంటే మొహం మాడ్చుకోకుండా ఉందాం. అసలు కష్టం అక్కడే.

చివరగా ఒక మాట. ఈ సంగతి సభలో చెప్పవచ్చా అని స్వామిగారిని అడిగాం. వద్దనవచ్చని రెండుసార్లు చెప్పి మరీ అడిగాం. రాసుకున్నది చదివి, ఒక వాక్యం మీద వేలుపెట్టి “ఇది వద్దండీ” అన్నారు. తీసేశాం. ఆయన మాకు వద్దని చెప్పడం అదే మొదటిసారి. మాకు చాలా సంతోషమైంది.

భోజనాలకు రండి.