మైమ్‌లు రెండు: పేరు మారిస్తే ఫైల్ మారదు

మన అనంతపురంలో శెనక్కాయ ఎండింది, బీమాకి అప్లై చేస్తున్నాం. సైట్ పీడీఎఫ్ అడిగింది, ఫోన్లో ఫోటో ఉంది. పేరు చివర జేపీజీ తీసేసి పీడీఎఫ్ అని పెడితే? చాలాసార్లు రిజెక్టే.

కారణం మైమ్. ఆ పేరుతో రెండున్నాయి.

స్టేజీ మీద మైమ్ అంటే మూకాభినయం. బావీ లేదు, తాడూ లేదు. అయినా నీళ్లు తోడుతున్నాడని తెలుస్తుంది.

ఇంటర్నెట్ మైమ్ 1992లో ఈమెయిల్ కోసం వచ్చింది. ఫోటో, పాట, తెలుగు అక్షరం మెయిల్లో వెళ్లే దారి వేసింది. 'ఇది ఫోటో', 'ఇది పీడీఎఫ్' అని ఫైల్‌కి చీటీ కడుతుంది.

లేనిది ఉన్నట్టు చూపిస్తే నటుడికి చప్పట్లు. ఫైల్‌కి చెల్లదు. మూట మీద శెనక్కాయలని రాస్తే లోపలి రాళ్లు మారతాయా? సైట్ లోపల చూస్తే దొరికిపోతాం.

ఫోటో తెరిచి, ప్రింట్ నొక్కి, 'సేవ్ యాజ్ పీడీఎఫ్' పెట్టండి. లాస్ట్ డేట్ లోపే!